డబ్బానా... పీసీనా?

అరవై వేలు చేతిలో పెట్టుకుని గేమింగ్ పీసీ కొనాలో, ప్లేస్టేషన్ కొనాలో తేల్చుకోలేని ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఆ ఇల్లు బొర్రా గుహల పక్కన ఉంటే మాత్రం లెక్క మరోలా ఉంటుంది!

విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే దాదాపు మూడు గంటల్లో బొర్రాగుహలు స్టేషన్లో దిగొచ్చు. దారిలో సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టెలోని పిల్లలంతా 'హో...' అని అరుస్తారు. పెద్దవాళ్ల ఫోన్లలో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతుంటాయి. ఆ అరుపులు విని నవ్వుకున్నాను కానీ, ఆ గీతల సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

మా పెదనాన్నగారబ్బాయి అనంతగిరి మండలంలో టీచరు. కాపురం బొర్రాలో. పిల్లలిద్దరు. పెద్దాడు ఇంటర్ రాసి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తున్నాడు. చిన్నది ఎనిమిదో తరగతి. 'మంచి మార్కులు తెచ్చుకో, ఏం కావాలంటే అది కొంటా' అని పరీక్షల ముందు అన్నయ్య నోరుజారాడు. మార్కులు రానే వచ్చాయి! చీటీ పాడిన డబ్బు అరవై వేలు వదిన బీరువాలో పెట్టింది. ఇక అక్కణ్నుంచి ఇంట్లో రోజూ అదే పంచాయితీ.

'నువ్వు పేపర్లో పనిచేస్తావు కదా, నీకు తెలీకపోవడమేటి? పీసీయా, ప్లేస్టేషనా? ఏటి కొనాలో నువ్వే తేల్చు' అంది వదిన ఫోన్లో. పేపర్లో పనిచేసేవాళ్లకు అన్నీ తెలుసన్న నమ్మకం ఈ రోజుల్లోనూ ఎక్కడో మిగిలి ఉందంటే సంతోషమే కదా. ఆ సంతోషంలోనే ఓ శనివారం రైలెక్కేశాను.

నేను చెప్పులు విప్పకముందే పెద్దాడు తన వాదన మొదలెట్టాడు. 'చిన్నాన్నా, పీసీ అయితే చదువుక్కూడా పనికొస్తుంది.'

ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. విన్నది కాదు, అన్నది! 2004లో మా నాన్నతో నేను అచ్చం ఇలాగే అన్నాను. ఆ కంప్యూటరు మీద నేను చదివిన చదువు ఎంతో నాకూ, దేవుడికీ తెలుసు. నాన్నకు మాత్రం చివరిదాకా తెలీలేదు.

కంప్యూటర్ అన్న పేరే దానిది

అసలు ఈ తగాదా కొత్తదేం కాదు. తొంభైల్లో వేసవి సెలవులు గుర్తున్నవాళ్లకు టీవీ వెనక ఎర్రవైరూ పచ్చవైరూ గుచ్చే ఆ డబ్బా గుర్తుండే ఉంటుంది. క్యాసెట్ పెడితే ఆట రాకపోవడం, తీసి 'ఉఫ్' అని ఊది మళ్లీ పెట్టడం, ఊదితేనే వచ్చిందని గట్టిగా నమ్మడం... మారియో, కాంట్రా, రోడ్ ఫైటర్. 'ఇన్ని వేల ఆటలు ఒకే క్యాసెట్‌లో' అని అట్ట మీద అంకెలు వరసగా ఉండేవి. లోపల చూస్తే తిప్పితిప్పి ఓ పాతికో ముప్ఫయ్యో! మనం ఆడినవాటిలో చాలావరకు 1983లో జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన యంత్రానికి నకళ్లు. ఆ అసలు యంత్రం పేరేంటో తెలుసా... 'ఫ్యామిలీ కంప్యూటర్'. అంటే టీవీకి తగిలించే ఆటల డబ్బాని అమ్మడానికి ఆనాడే దాన్ని కంప్యూటర్ అన్నారన్నమాట. నలభై ఏళ్ల తర్వాత ఆటల కంప్యూటర్ని కొనిపించుకోవడానికి మా అన్నయ్య కొడుకు దాన్ని చదువు అంటున్నాడు. పెద్ద తేడా ఏముంది!

ఆ తర్వాత వచ్చిన ప్లేస్టేషన్2 ప్రపంచమంతటా కలిపి 16 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. డీవీడీ సినిమాలు కూడా వేసుకోవచ్చన్న మాట దానికి మన ఇళ్లలో తలుపులు తెరిచింది. ఇక్కడ మనవాళ్లు కాస్త కాలరెగరేయాల్సిన సంగతొకటుంది. 2009లో ఆ ప్లేస్టేషన్2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆటను తయారుచేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్. కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాల పోటీ లాంటి మన వీధి ఆటలతో అదే ఏడాది 'దేశీ అడ్డా' వచ్చింది. అదీ హైదరాబాద్ కంపెనీ గేమ్‌శాస్త్ర చేసిందే. బిళ్లంగోడు ఆడిన తరం వాళ్ల పిల్లలు సోఫాలో కూర్చుని గిల్లీదండా ఆడారన్నమాట!

ఇక కంప్యూటరు వైపు చూస్తే, నెట్ సెంటర్లో గంటకింత అని ఇచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడిన కుర్రాళ్లంతా ఇప్పుడు ముప్ఫైల్లో ఉన్నారు. 2006లో వచ్చిన 'క్రికెట్ 07' అయితే ఇప్పటికీ బతికే ఉంది. ఆ కంపెనీ తర్వాత క్రికెట్ ఆటలు తీయడం మానేసినా, మన దేశంలోని కుర్రాళ్లే కొత్త ఆటగాళ్లనూ, కొత్త జెర్సీలనూ అందులో చేర్చుకుంటూ వస్తున్నారు. పీసీలో ఉన్న గొప్పతనమదే. కొన్నవాడు దాన్ని విప్పుకోవచ్చు, మార్చుకోవచ్చు. డబ్బా అలా కాదు. కంపెనీ ఎలా ఇస్తే అలా!

గుహలో గ్రాఫిక్స్

మధ్యాహ్నం పిల్లలిద్దర్నీ వెంటేసుకుని గుహల్లోకి వెళ్లాను. లక్షల ఏళ్లపాటు సున్నపురాతిని నీటిచుక్క కొరికి చేసిన పని అది. పైకప్పు నుంచి వేలాడే రాళ్లు, నేల నుంచి పైకి లేచే రాళ్లు, వాటి మీద రంగురంగుల దీపాల వెలుగు. మెట్లు దిగుతూ పెద్దాడు తడిరాయి మీద మెరుస్తున్న పచ్చటి వెలుగు చూపించి 'చిన్నాన్నా, గేమ్‌లో ఇలా కనబడాలంటే మంచి గ్రాఫిక్స్ కార్డ్ ఉండాలి' అన్నాడు. శివలింగం, మెదడు ఆకారం, తల్లీబిడ్డా అంటూ గైడు చూపిస్తున్నవేవీ వాడికి కనిపించడం లేదు!

వాడన్నది నిజమే. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరమీద దాదాపు 20 లక్షల 74 వేల చుక్కలుంటాయి. ఆట సాఫీగా సాగాలంటే సెకనుకు 60 సార్లు వాటన్నిటికీ రంగు లెక్కగట్టాలి. అంటే సెకనుకు 12 కోట్ల పైచిలుకు! 4కే తెర అయితే చుక్కలే 83 లక్షలు. కాంతి ఎక్కడ పడి ఎటు చెదురుతుందో కూడా లెక్కవేయాలంటే చెప్పనక్కర్లేదు. ఈ చాకిరీ అంతా గ్రాఫిక్స్ కార్డుదే. అందుకే గేమింగ్ పీసీ ఖర్చులో పెద్దవాటా దానికే పోతుంది. కాస్త చెప్పుకోదగ్గ కార్డు పాతిక ముప్ఫై వేలవుతుంది. ప్రాసెసరు, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్, మానిటరు కలిపితే అరవై వేలు ఎక్కడికీ చాలవు. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో మెమొరీ చిప్‌ల ధరలు భగ్గుమన్నాయి.

ప్లేస్టేషన్5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు డిస్కు పట్టే రకం రూ.49,990. డిస్కు లేనిది రూ.39,990. తర్వాత ధర పెరిగింది. అంత శక్తి ఉన్న పీసీ ఆ డబ్బుకి రాదు. మరి కంపెనీకి ఎలా గిట్టుతుందీ అంటే, డబ్బా మీద లాభం చూసుకోరు. మొదట్లో నష్టానికీ అమ్ముతారు. ఆ తర్వాత మనం కొనే ఒక్కో ఆట మీదా వాళ్ల వాటా వాళ్లకు వస్తూ ఉంటుంది. పీఎస్5తో పాటు వచ్చిన కొత్త ఆటల్లో కొన్ని రూ.4,999! స్నేహితులతో కలిసి ఆన్‌లైన్లో ఆడాలంటే చాలా ఆటలకు చందా వేరే కట్టాలి. పీసీలో ఆ చందా లేదు. ఆటల దుకాణం స్టీమ్ 2015 నుంచి రూపాయల్లోనే అమ్ముతోంది. పండగ తగ్గింపుల్లో పాత ఆటలు మూడు నాలుగొందలకు దొరుకుతాయి. ఎపిక్ అనే మరో దుకాణం ఆటల్ని ఉచితంగా కూడా ఇస్తుంటుంది. బొర్రాలో దారితప్పిన ఆవు బిలంలో పడితే గుహ బయటపడిందని కథ చెబుతారు కదా... ఆవును కొనడం తేలికే, రోజూ దాణా పెట్టడమే కష్టం అని నేను వదినతో అంటే 'అదేదో ముందు చెప్పు' అంది.

ఒక ఆట... వంద రోజులు!

ఇంతవరకూ విశాఖలోనో హైదరాబాద్‌లోనో కొనేవాళ్లకైనా చెప్పే లెక్కలే ఇవి. రాత్రి భోజనాలయ్యాక అన్నయ్య ఇంట్లో ఫోన్ చేద్దామని తీస్తే సిగ్నల్ లేదు. 'వంటింటి కిటికీ దగ్గర నిలబడు, వస్తుంది' అన్నాడు అన్నయ్య. అప్పుడు గుర్తొచ్చాయి రైల్లో రాలిపోయిన గీతలు.

ఇప్పటి పెద్ద ఆటలు ఎంతుంటాయో తెలుసా? 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' పీసీలో ఎక్కించాలంటే 150 జీబీ ఖాళీ ఉండాలి. అన్నయ్య ఫోన్లో ఉన్నది రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు. ఇంట్లో ఎవరూ వాట్సప్ కూడా ముట్టుకోకుండా ఉంటే ఆ ఒక్క ఆట దిగడానికి వంద రోజులు! దసరాకి ఆడుదామంటే మూడు నెలలకు పైగా ముందే బటన్ నొక్కాలి. పోనీ, డేటాకి పరిమితి లేదనుకున్నా 10 ఎంబీపీఎస్ వేగంతో 33 గంటలకు పైనే పడుతుంది. మధ్యలో కరెంటు పోకుండా ఉంటే! ఇంటిదాకా ఫైబర్ కేబుల్ వచ్చి వంద ఎంబీపీఎస్ అందేవాళ్లకు అదే పని మూడు గంటల ఇరవై నిమిషాలు. అందుకే పట్నంలో ఉండేవాళ్ల సలహాలు కొండమీద పనిచేయవు. వాళ్లకు నెట్ అనేది కుళాయి నీళ్లలాంటిది, తిప్పితే వస్తుంది. ఇక్కడ అది ఊటబావి. ఊరేదాకా ఆగాలి.

పీసీ ఆటలు ఇప్పుడు దాదాపుగా డౌన్‌లోడ్లే. కొత్త క్యాబినెట్లకు డీవీడీ పెట్టే అరే ఉండటం లేదు. డబ్బాల్లో కూడా జాగ్రత్త పడాలి. పీఎస్5 డిజిటల్, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కాస్త చౌక అని తెచ్చుకుంటే వాటికి డిస్కు అరే ఉండదు. ప్రతి ఆటా నెట్ మీదే రావాలి. పీఎస్5 స్లిమ్‌కి డిస్కు డ్రైవ్ విడిగా కొని తగిలించుకోవచ్చు కానీ, దాన్ని మొదటిసారి జతచేయడానికీ నెట్ కావాలి. బొర్రాలో ఉండేవాళ్లు ఐదో పదో వేలు మిగుల్చుకుందామని డిస్కు లేనిది కొంటే, ఆ డబ్బా టీవీ పక్కన షోకేసు బొమ్మలా ఉండిపోతుంది.

డిస్కులకు ఇంకో సుగుణం ఉంది. ఆడేశాక అమ్మొచ్చు, స్నేహితులతో మార్చుకోవచ్చు. 'మరి మార్చుకోవడానికి ఇక్కడ ఇంకెవరి దగ్గరైనా ప్లేస్టేషన్ ఉందా?' అనడిగాను. పిల్లలిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. విశాఖలో దొరికే సుఖం ఇక్కడ సగమే అన్నమాట. అయినా విశాఖ వెళ్లినప్పుడల్లా నాలుగు పాత డిస్కులు తెచ్చుకోవచ్చు.

మేం ఇలా మాట్లాడుకుంటుండగానే కరెంటు పోయింది. రాసేవాడి సౌకర్యం కోసం పోయిందనుకునేరు, నిజంగానే పోయింది. వానాకాలంలో ఈ కొండల్లో గాలి గట్టిగా వీచిందంటే ఏ కొమ్మ ఏ తీగమీద పడుతుందో చెప్పలేం. 2006లో మా ఇంటి కంప్యూటర్లో ఎస్‌ఎంపీఎస్ 'టప్' మని పేలి పొగొచ్చిన రోజు నుంచీ నేను కరెంటు దగ్గర భయస్తుణ్నే. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల దాకా. గట్టి గ్రాఫిక్స్ కార్డున్న పీసీ ఆటలో ఉన్నప్పుడు దాన్ని తేలిగ్గా దాటేస్తుంది, ఇంకా పెద్దది కొనాల్సిందే. పీఎస్5 రెండొందల వాట్ల చిల్లరతో సరిపెట్టుకుంటుంది. యూపీఎస్ ఇచ్చేది నిమిషాలే అనుకోండి, ఆటను దాచుకుని సరిగ్గా ఆపడానికి అవి చాలు. ఉన్నట్టుండి ఆగిపోతే మళ్లీ పెట్టగానే 'నన్ను సరిగ్గా ఆపలేదు' అని డబ్బా మొరపెట్టుకుంటుంది కూడా!

పాడైతే మాత్రం పీసీదే పైచేయి. ఏ భాగం పోతే ఆ భాగం విప్పి, తొంభై కిలోమీటర్ల అవతల విశాఖలో ఏ కంప్యూటరు దుకాణానికి తీసుకెళ్లినా మార్చి ఇస్తారు. డబ్బా పోతే మొత్తం మోసుకుపోవాలి.

ఎనిమిదింటికి టీవీ ఎవరిది?

కరెంటొచ్చింది. వదిన సీరియల్ పెట్టింది. అప్పుడు తట్టింది... ఈ ఇంట్లో టీవీ ఒక్కటే! డబ్బా తెస్తే రాత్రి ఎనిమిదింటికి హాల్లో యుద్ధమే. క్రికెట్ ఉన్నరోజు అన్నయ్య కూడా రంగంలోకి దిగుతాడు. పీసీ అయితే దాని తెర దానిదే. కానీ దాన్ని పెట్టేది లోపలి గదిలో, తలుపు వెనక. 'హాల్లో ఉంటే ఏం ఆడతన్నాడో కనపడతాది' అని అన్నయ్య, 'నా సీరియల్ సంగతేటి' అని వదిన. ఎవరి బాధ వాళ్లది.

పెద్దాడు తురుపుముక్క వేశాడు. జీటీఏ 6! 2025 నవంబరులో కంపెనీ చెప్పిన ప్రకారం అది 2026 నవంబరు 19న పీఎస్5కీ ఎక్స్‌బాక్స్ సిరీస్‌కీ వస్తుంది. ఆ ప్రకటనలో పీసీ పేరు లేదు. జీటీఏ 5 కూడా అంతే, డబ్బాల మీద 2013 సెప్టెంబరులో వస్తే పీసీకి 2015 ఏప్రిల్లో వచ్చింది. అంటే వాడు పీసీ అడుగుతూ, మనసులో ఆడాలనుకున్నది డబ్బా మీదన్నమాట! పైగా జీటీఏ పెద్దవాళ్ల ఆట. పాత జీటీఏల డిస్కు పెట్టెల మీద 18 అంకె కనిపిస్తుంది. ఆ అంకె సినిమా 'ఎ' సర్టిఫికెట్ లాంటిదని అన్నయ్యకు అప్పటిదాకా తెలీదు. తెలిశాక పెద్దాడి ముఖం చూడాలి!

ఓపిక ఉన్నవాళ్లకు పీసీ దగ్గర ఫలితం దక్కుతుందన్నదీ నిజమే. 2018లో ప్లేస్టేషన్‌కి మాత్రమే వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్' 2022 జనవరిలో పీసీకి వచ్చింది. అటు పీసీ ఆటల దుకాణం స్టీమ్ సొంతదారు వాల్వ్, టీవీకి తగిలించే 'స్టీమ్ మెషీన్' తెస్తున్నట్టు 2025 నవంబరులో ప్రకటించింది. ఈ రెండింటి మధ్య గోడ పల్చబడుతోంది.

ఇంతసేపూ చిన్నది ఒక్క మాటా మాట్లాడలేదు. పడుకోబోయేముందు నెమ్మదిగా అడిగింది. 'చిన్నాన్నా, అన్నయ్య ఆగస్టులో హాస్టల్‌కి వెళ్లిపోతాడు కదా. ఆ కంప్యూటరు ఎక్కడుంటుంది?'

నిజమే! అరవై వేల గురించి ముగ్గురు పెద్దవాళ్లం రోజంతా మాట్లాడుకుని ఆ సంగతే మర్చిపోయాం. హాస్టల్ గదిలోకి ఆ పెద్ద క్యాబినెట్, మానిటరు తీసుకెళ్లనిస్తారో లేదో. ఇంట్లో ఉంచితే వాడికి అందదు. 'చదువుకి' అన్న పీసీ, చదివేవాడు లేని ఇంట్లో ఉంటుంది. వాడికి నిజంగా కావలసింది కాలేజీకి తీసుకెళ్లే మామూలు ల్యాప్‌టాప్. దాని ఊసు అరవై వేల లెక్కలో లేనేలేదు.

పొద్దున టీ తాగుతూ నా లెక్క చెప్పాను. పాత ప్లేస్టేషన్4 ఒకటి, డిస్కు పట్టేది. చాలా ఆటలు డిస్కు నుంచే ఎక్కించుకుని నెట్ లేకుండా ఆడుకోవచ్చు. కొత్త ఆటలు దానికి రావడం తగ్గిపోయింది, అది ఒప్పుకోవాలి. కానీ పదేళ్ల ఆటలు తక్కువ ధరకు దొరుకుతాయి, ఈ ఇంట్లో అవన్నీ కొత్తవే. ఓ చిన్న యూపీఎస్. మిగిలిన డబ్బు కదపకుండా ల్యాప్‌టాప్‌కి. పెద్దాడు ముఖం ముడుచుకున్నాడు. 'పాతదా?' అన్నాడు. ల్యాప్‌టాప్ అన్నాక కాస్త విప్పాడు.

రెండు వారాల తర్వాత విశాఖలో అన్నయ్యా, నేనూ కలిసి వెళ్లి పాత పీఎస్4 బేరమాడాం. పాతది కొనేవాళ్లు ఇవి మాత్రం చూసుకోవాలి. డిస్కు పెట్టి తీసి రెండుసార్లు చదివించాలి. పావుగంట ఆడించి ఫ్యాను మిక్సీలా అరుస్తోందేమో వినాలి. కంట్రోలర్ వదిలేసి ఊరికే చూడాలి, తెరమీద మనిషి తనంతట తాను నడుస్తుంటే దాని పుల్ల అరిగిపోయిందని. మేం చూసిన మొదటిదాంట్లో అలాగే నడిచాడు. రెండోది తీసుకున్నాం, క్రికెట్ 19తో కలిపి ఐదు డిస్కులు.

మొన్న వదిన ఫోన్ చేసింది. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా టీవీ తనదేనని కాగితం మీద రాసి గోడకి అంటించిందట. ఆ టైమ్‌లో కరెంటు పోతే మాత్రం ఆ గంట మర్నాటికి జమ అవ్వదట, అది చిన్నదాని షరతు. పెద్దాడు హాస్టల్‌కి వెళ్లిపోయాడు. వాడు ఆదివారాలు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న అమ్మ ఎలా ఉందని కాదు, క్రికెట్‌లో చెల్లి స్కోరెంతని. మొన్నటి స్కోరు 212. కరెంటు లేనప్పుడు అది పవర్‌బ్యాంకుతో కంట్రోలర్ చార్జింగ్ పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుందట.